కరెంటు పోతే ఇల్లు వెచ్చగా ఉండటానికి ఏ హీటర్ కొనాలి? ప్రొపేనా, కిరసనాయిలా?

సుబ్బు_ఫ్రిస్కో
ఈసారి చలి మొదలవకముందే కరెంటుతో పనిలేని హీటర్ ఒకటి కొనేద్దామని గట్టిగా అనుకున్నాం. 2021 ఫిబ్రవరిలో మేం టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. 15వ తేదీ తెల్లవారుజామున పోయిన కరెంటు, మధ్యమధ్యలో అరగంట వచ్చి పలకరించి వెళ్లడమే తప్ప మూడు రోజులు సరిగ్గా లేదు. ఇంట్లో 41 ఫారెన్‌హీట్. కొబ్బరినూనె రాయి అయింది సరే, ఆవకాయ మీద నూనె కూడా పేరుకుంది. ఫోన్ చార్జింగ్ కోసం, కాసేపు వెచ్చదనం కోసం గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి కూర్చునేవాళ్లం. అప్పుడు ఇద్దరమే కాబట్టి ఎలాగో గడిచిపోయింది.

ఇప్పుడు సొంతిల్లు. 2,900 చదరపు అడుగులు, రెండంతస్తులు. పది నెలల పాప ఉంది. రాజమండ్రి నుంచి అమ్మా నాన్నా వచ్చారు, మార్చి దాకా ఇక్కడే. నేను చూస్తున్నవి మూడు: చిన్న ప్రొపేన్ డబ్బాతో నడిచే బడ్డీ హీటర్, కిరసనాయిలు హీటర్, లేదా జనరేటర్. నాన్నగారు నాలుగోది చెప్పారు: "పెరట్లో బొగ్గుల గ్రిల్ ఉందిగా. నిప్పులు బాగా రాజుకున్నాక హాల్లోకి తెచ్చి పెట్టుకుంటే సరి. నువ్వు పుట్టింది కుంపటి పక్కనే."

వాడినవాళ్లు చెప్పండి. బడ్జెట్ 300 డాలర్లు.

పెసరట్టు
ముందు నాలుగోది కొట్టేయండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

నైట్‌షిఫ్ట్_నర్సు
నాలుగోదే కాదు, గరాజ్‌లో కారు కూడా. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. గరాజ్ తలుపు తీసి ఉన్నా సరే, ఇంజన్ పొగ ఇంట్లోకి వస్తుంది. మీ అదృష్టం బాగుంది, అంతే.

ఆ వారం మా ఎమర్జెన్సీలో ఎక్కువగా చూసింది ఎముకలు విరిగినవాళ్లని అనుకుంటారు. కాదు, ఒక్కో కుటుంబం మొత్తానికి మొత్తం తలనొప్పి, వాంతులతో వచ్చేవాళ్లు. ఇంట్లో బొగ్గులు పెట్టుకున్నవాళ్లు కొందరు, జనరేటర్ గరాజ్‌లో నడిపినవాళ్లు కొందరు. వాటి పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు గాలి పీలుస్తుంటే అది సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. అందుకే హాస్పిటల్‌లో మాస్క్ పెట్టి నూరు శాతం ఆక్సిజన్ ఇస్తారు.

ఇంకోటి. కోవిడ్‌లో మనందరం వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్లు కొన్నాం కదా. దాన్ని నమ్ముకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంలాగే చూస్తుంది. మనిషి కళ్లు తిరిగి పడిపోతున్నా 98 అనే చూపిస్తుంది. ఇంట్లో నలుగురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గిందంటే, జలుబు అనుకోకుండా 911కి ఫోన్ చేయండి.

సుబ్బు_ఫ్రిస్కో
గరాజ్ సంగతి ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ నావైపు చూసిన చూపుకి హీటర్ అక్కర్లేదు.

చింతపల్లి_చలి
సుబ్బు గారి నాన్నగారి తరఫున ఒక మాట. మాది లంబసింగి పక్కనే. డిసెంబర్, జనవరిలో మా ఊళ్లో పొద్దున లేస్తే గడ్డి మీద మంచు తెల్లగా ఉంటుంది. ప్రతి ఇంట్లో నిప్పుల కుంపటి ఉండేది, బాలింత గదిలో మరీను. ఎవరికీ ఏమీ కాలేదా అంటే కాలేదు. కానీ ఆ ఇళ్లు ఎలాంటివి? పైన పెంకులు, పెంకుల మధ్య వెలుతురు పడేంత సందులు. గోడకీ కప్పుకీ మధ్య పిచ్చుకలు కాపురం పెట్టేంత ఖాళీ. పొగ దానంతటదే పోయేది. పైగా రాత్రి పడుకునేముందు కుంపటి అరుగు మీదకి నెట్టేయడం మా నాయనమ్మకి నియమం. ఎందుకని ఎప్పుడూ చెప్పలేదు, "లోపల ఉంచితే దెయ్యం పీక నొక్కుతుంది" అనేది.

ఇక్కడ ఇల్లంతా ప్లాస్టిక్ డబ్బాలాగా బిగించి కడతారు. అదే కుంపటి ఇక్కడ పెడితే ఆ దెయ్యం నిజంగానే వస్తుంది.

నైట్‌షిఫ్ట్_నర్సు
మీ నాయనమ్మ గారికి దండం. మా డాక్టర్లు అరగంట చెప్పేది ఒక్క ముక్కలో చెప్పారు.

వానపాము
సరే, అసలు ప్రశ్నకి వద్దాం. నా దగ్గర బడ్డీ ఉంది, మధ్య సైజుది. రెండు సెట్టింగులు, గంటకి 4,000, 9,000 బీటీయూ (వేడిని కొలిచే లెక్క). పోల్చుకోవాలంటే మామూలు 1500 వాట్ల కరెంటు హీటర్ దాదాపు 5,100 బీటీయూ. అంటే చిన్న మంట మీద అది ఒక కరెంటు హీటర్ కంటే కొంచెం తక్కువ, పెద్ద మంట మీద దాదాపు రెండింత. ఒక బెడ్‌రూమ్‌కి బాగా సరిపోతుంది. 2,900 చదరపు అడుగులకి ఆశ పెట్టుకోవద్దు.

ఒక పౌండు ప్రొపేన్ డబ్బాలో సుమారు 21,600 బీటీయూ ఉంటుంది. చిన్న మంట మీద ఐదు గంటల పైన, పెద్ద మంట మీద రెండున్నర గంటలు కూడా రాదు. రోజుకి పన్నెండు గంటల చొప్పున మూడు రోజులు చిన్న మంట మీద నడపాలంటే ఏడు డబ్బాలు. నేను పది పెట్టుకుంటాను.

వంగి పడితే ఆగిపోతుంది. గదిలో ఆక్సిజన్ తగ్గితే ఆగిపోతుంది. నాకైతే ఇంతకంటే సేఫ్ హీటర్ కనపడలేదు.

కరెంటు_కామేశం
వానపాము గారూ, మీ ఆఖరి పేరా దగ్గర ఆగండి. ఆ సెన్సార్ చూసేది ఆక్సిజన్‌ని మాత్రమే. కార్బన్ మోనాక్సైడ్‌ని కాదు. ఆక్సిజన్ 18 శాతం దగ్గరికి పడిపోతే పైలట్ మంట పైకి లేచి, సెన్సార్ చల్లబడి గ్యాస్ ఆగిపోతుంది, అంతే దాని తెలివి. బర్నర్‌లో దుమ్ము పేరుకుని మంట పసుపుగా కాలుతుంటే, ఆక్సిజన్ 20 శాతం ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. సెన్సార్ ఉంది కదా అని కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనకుండా ఉండటం, హెల్మెట్ ఉంది కదా అని బ్రేకులు పీకేయడం లాంటిది.

వానపాము
అలారం వద్దని నేనెక్కడన్నాను? రెండున్నాయి నా దగ్గర.

కరెంటు_కామేశం
మీరు అనలేదు. చదివేవాళ్లు అలా అర్థం చేసుకుంటారని చెప్పా. అలారం వెనక తయారీ తేదీ చూడండి. ఐదేళ్లదో, ఏడేళ్లదో, పదేళ్లదో రాసి ఉంటుంది. ఆ తర్వాత లోపలి సెన్సార్‌ని నమ్మలేం, పైన పచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉండొచ్చు. గోడకి ప్లగ్ పెట్టే రకమైతే బ్యాటరీ బ్యాకప్ ఉందో లేదో చూడండి. కరెంటు పోయినప్పుడే కదా దాంతో పని!

రాజా_ఇర్వింగ్77
మామూలు అలారం గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 70 పీపీఎం (పది లక్షల వంతుల్లో 70) ఉంటే గంట నుంచి నాలుగు గంటల లోపు మోగుతుంది, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో. అంటే 40, 50 పీపీఎం ఉంటే గమ్మున కూర్చుంటుంది. చిన్న పాప ఉంది కాబట్టి అంకెలు చూపించే డిస్‌ప్లే ఉన్నది తీసుకోండి. కొన్ని 30 లోపు కూడా సున్నా అనే చూపిస్తాయి, అది కూడా చూసి కొనండి.

బఫెలో_బాబాయ్
మీ టెక్సాస్ వాళ్లకి మూడు రోజులకే ఇంత కథ. నేను న్యూయార్క్ రాష్ట్రం పడమటి కొసన ఉంటాను. 2022 క్రిస్మస్ తుఫానులో తలుపు తీస్తే మంచు గోడ. నా ఓటు కిరసనాయిలు హీటర్‌కే. గుండ్రంగా ఉండే వత్తి రకం, 23,000 బీటీయూ. 1.9 గ్యాలన్లు పోస్తే పదకొండు గంటలు వస్తుంది. హాలు, వంటగది, మెట్ల మీద దాకా వెచ్చగా ఉంటుంది. ప్రొపేన్ డబ్బాలు మార్చుకుంటూ కూర్చునే ఖర్మ లేదు. ఒక గ్యాలన్ కిరసనాయిల్లో 135,000 బీటీయూ ఉంటే, అదే గ్యాలన్ ప్రొపేన్‌లో 91,500. నిల్వ చేసుకోవడం కూడా సులువు, ప్రెజర్ సిలిండర్ కాదు.

పెసరట్టు
బాబాయ్, వాసన?

బఫెలో_బాబాయ్
వెలిగించేటప్పుడు, ఆర్పేటప్పుడు మాత్రమే. ఆ రెండూ బయట చేసి లోపలికి తెచ్చుకుంటే వాసన లేదు.

పెసరట్టు
మండుతున్న కిరసనాయిలు స్టవ్వు చేత్తో పట్టుకుని ఇంట్లోకి నడవమంటారా!!

బఫెలో_బాబాయ్
ఆర్పేటప్పుడు అలా అన్నాననుకో. వెలిగించేటప్పుడు... సరే, ఎక్స్‌హాస్ట్ ఫ్యాన్ కింద వెలిగించండి.

వానపాము
కరెంటు లేనప్పుడు ఎక్స్‌హాస్ట్ ఫ్యానా బాబాయ్?

బఫెలో_బాబాయ్
పిల్లకాకులు. కిటికీ తీసి వెలిగించండి, పది నిమిషాలు ఆగి మూయండి. ఇరవై ఏళ్లుగా వాడుతున్నాను.

ఆవకాయ_ఆంటీ
బాబాయ్ గారు చెప్పింది చాలావరకు నిజమే, కొన్ని కలుపుతాను. మా న్యూజెర్సీలో 2012లో శాండీ వచ్చినప్పటి నుంచీ మా దగ్గర చిన్న రేడియంట్ రకం ఉంది, 10,000 బీటీయూ. గుండ్రం రకం ఒక గదికి మరీ ఎక్కువ. ఒకసారి తలుపేసి చూశాం, అరగంటలో చెమటలు పట్టాయి.

నూనె విషయంలో జాగ్రత్త. స్వచ్ఛంగా నీళ్లలాగా ఉండే కే-1 రకమే వాడాలి. ఎర్ర రంగు కలిపిన కిరసనాయిలు పన్ను లేకుండా అమ్మేది. అది పోస్తే వత్తి మీద మసి పేరుకుని, వాసన, పొగ. మన రేషన్ షాపులో నీలం రంగు ఇచ్చేవాళ్లు, గుర్తుందా? రంగు ఏ దేశంలోనైనా వత్తికి పడదు. ఇక పెట్రోలు చుక్క కలిసినా మంట ఎగబాకుతుంది. అందుకే ఇక్కడ కిరసనాయిలుకి నీలం డబ్బా, పెట్రోలుకి ఎర్ర డబ్బా. ఎర్ర డబ్బాలో కిరసనాయిలు తేవద్దు.

నూనె పోసేది బయట, హీటర్ ఆర్పి చల్లారాక. మా అమ్మ వత్తుల స్టవ్వు మండుతుండగానే గరాటు పెట్టి పోసేది. ఇప్పుడు తలచుకుంటే గుండె ఆగుతుంది.

సుబ్బు_ఫ్రిస్కో
ఆంటీ, మా వైపు బంకుల్లో కిరసనాయిలు కనపడలేదు. హార్డ్‌వేర్ షాపులో చిన్న డబ్బాలున్నాయి, ధర చూస్తే నెయ్యి కొనుక్కోవచ్చనిపించింది.

ఆవకాయ_ఆంటీ
అదే అసలు పాయింటు. మీ దగ్గర సులువుగా దొరికే ఇంధనాన్ని బట్టి హీటర్ కొనండి. తుఫాను వస్తోందని తెలిసిన రోజున మీరు 60 మైళ్లు తిరిగి నూనె తేలేరు. మా వైపు బంకుల్లో పంపు ఉంది కాబట్టి మాకు సరిపోయింది. మసాచుసెట్స్‌లో అయితే పొగగొట్టం లేని కిరసనాయిలు హీటర్ ఇళ్లలో వాడటమే నిషేధం.

రాజా_ఇర్వింగ్77
అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు లీజు కాగితాలు కూడా చూసుకోండి. మా దాంట్లో కిరసనాయిలు, ప్రొపేన్ రెండూ కుదరవని రాసి ఉంది. బాల్కనీలో గ్రిల్ సిలిండర్ పెట్టినందుకే పక్కింటాయనకి నోటీసు వచ్చింది.

కడప_టు_కొలరాడో
మా ఇల్లు 8,000 అడుగుల ఎత్తులో కొండ మీద. ఎవరో చెబితే బడ్డీ రకం హీటర్ కొన్నాను. వెలిగిస్తే ఐదు నిమిషాల్లో ఆగిపోతుంది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ ఆగుతుంది. పాడైందని వాపసు ఇచ్చి ఇంకోటి తెచ్చాను, అదీ అంతే. అప్పుడు మాన్యువల్ చదివాను. 7,000 అడుగులు దాటితే ఆగిపోవచ్చని మొదటి పేజీల్లోనే ఉంది. గాలి పలచన, సెన్సార్ ఆక్సిజన్ తగ్గిందనుకుంటుంది. మాన్యువల్ ముందే చదివే తెలుగువాడు ఎవరైనా ఉంటే చేతులెత్తండి.

పెసరట్టు
నేను చదువుతాను. పాడయ్యాక.

సుబ్బు_ఫ్రిస్కో
వానపాము గారూ, ఏడు డబ్బాల బదులు గ్రిల్‌కి వాడే 20 పౌండ్ల సిలిండర్ పైపుతో తగిలిస్తే?

వానపాము
తగిలించవచ్చు, పైపు విడిగా అమ్ముతారు. ఆ సిలిండర్‌లో సుమారు 430,000 బీటీయూ ఉంటుంది. పెద్ద మంట మీద కూడా రెండు రోజులు ఆగకుండా వస్తుంది. నేను కిటికీలోంచి పైపు లోపలికి...

కరెంటు_కామేశం
వద్దు. ఒకటి, 20 పౌండ్ల సిలిండర్ ఇంట్లో పెట్టకూడదు, గరాజ్‌లో కూడా. ఇక్కడ ఫైర్ కోడ్ అదే చెబుతుంది. మన ఊళ్లో వంటగదిలో సిలిండర్ పెట్టుకున్న అలవాటుతో మనవాళ్లకి ఇది వింతగా ఉంటుంది, తెలుసు. రెండు, బయట పెట్టి కిటికీలోంచి పైపు లాగితే ఆ కిటికీ మూత పడదు, పైపు నలుగుతుంది, లీకైనా చీకట్లో ఎవరికీ తెలియదు. ప్రొపేన్ గాలి కంటే బరువు. నేల మీద పరుచుకుంటుంది, పాప పాకేది కూడా నేల మీదే. చిన్న డబ్బాలే వాడుకోండి. వెచ్చదనం కావలసింది ఒక గదికి, కల్యాణ మండపానికి కాదు.

వానపాము
నేను చేస్తున్నానని చెప్పా, చేయమని చెప్పలేదు. అయినా మీరన్న పైపు నలగడం నిజమే. చూసి మారుస్తాను.

దివిసీమ_డీజిల్
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. లారీల్లో, క్యాంపర్ వ్యాన్లలో వాడే డీజిల్ హీటర్. మంట మూసిన గదిలో మండుతుంది, బయటి గాలి పీల్చి పొగ బయటికే వదులుతుంది. ఇంట్లోకి వచ్చేది శుభ్రమైన వేడి గాలి మాత్రమే. 12 వోల్టుల బ్యాటరీ ఉండాలి. వెలిగేటప్పుడు పది ఆంపియర్ల దాకా లాగుతుంది, తర్వాత ఒకటో రెండో. నేను కిటికీలో ప్లైవుడ్ చెక్క బిగించి దాంట్లోంచి పొగగొట్టం పంపాను.

పెసరట్టు
శబ్దం?

దివిసీమ_డీజిల్
వెలిగేటప్పుడు విమానం లేచినట్టు, తర్వాత మిక్సీ పక్కింట్లో తిరుగుతున్నట్టు. ఫ్యూయల్ పంపు మాత్రం రాత్రంతా టక్, టక్, టక్. మా ఆవిడ దాన్ని "నీ వడ్రంగి పిట్ట" అంటుంది.

కరెంటు_కామేశం
పొగగొట్టం కీళ్లు సరిగ్గా బిగించేవాడికి అది మంచిదే. మొదటిసారి చేసేవాడికి, ఇంట్లో పసిపిల్ల ఉన్నవాడికి చెప్పను.

కృష్ణలంక_కోడర్
ఇంత చర్చ ఎందుకో అర్థం కాలేదు. సుబ్బు గారి ఇంట్లో ఫర్నేస్ గ్యాస్‌దే అయ్యుంటుంది. గ్యాస్ వస్తూనే ఉంటుంది, ఆగేది ఫ్యాన్, కంట్రోల్ బోర్డు. దానికి కావలసింది ఐదారు వందల వాట్లు. చిన్న 2000 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ ఉంటే ఇల్లంతా వేడెక్కుతుంది. విజయవాడలో మా ఇంట్లో ఇన్వర్టర్ లేని రోజు నాకు గుర్తు లేదు. ఇక్కడ ఇన్ని లక్షల డాలర్లు పోసి కొన్న ఇంట్లో ఇన్వర్టర్ లేదు. నవ్వాలా ఏడవాలా?

సుబ్బు_ఫ్రిస్కో
300 డాలర్లలో వస్తుందా?

కృష్ణలంక_కోడర్
రాదు. నాకైతే ఎలక్ట్రీషియన్‌తో ట్రాన్స్‌ఫర్ స్విచ్ (ఇంటిని వీధి లైన్ నుంచి విడదీసి జనరేటర్‌కి మార్చేది) పెట్టించడంతో కలిపి దానికి ఐదు రెట్లయింది.

రాజా_ఇర్వింగ్77
పెట్టించింది మంచి పని. మా ఫ్రెండ్ ఒకడు రెండు వైపులా మగ ప్లగ్ ఉన్న వైరు తయారుచేసి జనరేటర్‌ని గోడ సాకెట్‌కి పెట్టబోయాడు. వీధి లైన్ మీద పనిచేసే మనిషిని చంపుతావురా అని ఆపాం. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలు లేని వైపు ఉండాలి. వాన పడుతోందని వరండాలోకి లాగుతారు చూడండి, అక్కడే పోతారు.

చింతపల్లి_చలి
అసలు 2021లో అంత చలి మళ్లీ వస్తుందా? అప్పుడు డీఎఫ్‌డబ్ల్యూలో (డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో) 16వ తేదీ పొద్దున మైనస్ 2 ఫారెన్‌హీట్. 1949 తర్వాత అంత తక్కువ అదే. జీవితంలో ఒక్కసారి వచ్చేదానికి ఇంత ఖర్చా?

కరెంటు_కామేశం
రావచ్చు, రాకపోవచ్చు. నేను గ్రిడ్ వైపు పనిచేస్తాను. ఆ రాత్రి టెక్సాస్ గ్రిడ్ మొత్తంగా కూలిపోవడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలో ఉంది. ఈ లెక్క ఆ గ్రిడ్ నడిపే ఎర్కాట్ వాళ్లే తర్వాత చెప్పారు. కూలి ఉంటే మూడు రోజులు కాదు, వారాలు పట్టేది. ఆ తర్వాత ప్లాంట్లని చలికి తట్టుకునేలా చేయాలని చట్టం తెచ్చారు, చాలా మార్పులు జరిగాయి. కానీ ఐస్ పడి చెట్టు కొమ్మ మీ వీధి తీగ మీద విరిగితే గ్రిడ్ ఎంత బాగున్నా మీ ఇంట్లో చీకటే. 2023 ఫిబ్రవరిలో ఆస్టిన్ వాళ్లకి జరిగింది అదే.

సుబ్బు గారూ, ఒక ప్రశ్న. మీ హాల్లో ఫైర్‌ప్లేస్ ఉందా?

సుబ్బు_ఫ్రిస్కో
ఉంది. బిల్డర్ పెట్టింది. పైన టీవీ. మూడేళ్లలో ఒక్కసారీ వెలిగించలేదు. ముందు అమ్మ బొమ్మల కొలువు మెట్లు పేర్చింది, అవి ఇంకా తీయలేదు.

కరెంటు_కామేశం
బొమ్మలు తీసి చూడండి. గ్యాస్‌దా, కట్టెలదా? ముందు అద్దం కదలకుండా బిగించి ఉందా? ఇంటి బయట అదే గోడ మీద చదరంగా ఇనుప జాలీ ఏదైనా ఉందా?

సుబ్బు_ఫ్రిస్కో
గ్యాస్‌దే. అద్దం బిగించి ఉంది. బయట జాలీ ఉంది, ఇన్నాళ్లూ డ్రయర్‌ది అనుకున్నాను 😅

కరెంటు_కామేశం
అయితే మీరు వెతుకుతున్న హీటర్ మీ టీవీ కిందే ఉంది. దాన్ని డైరెక్ట్ వెంట్ అంటారు. దివిసీమ గారి డీజిల్ హీటర్ లాంటిదే, బయటి గాలి పీల్చి బయటికే వదులుతుంది. ఇంట్లో గాలికీ దాని మంటకీ సంబంధం లేదు. ఫ్యాన్ తిరగకపోయినా అద్దంలోంచి వేడి వస్తుంది.

ఇక ఇగ్నిషన్ సంగతి. పాతవాటిలో పైలట్ మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, కరెంటుతో పనే లేదు. కొత్తవాటిలో కరెంటు స్పార్క్. కానీ చాలావాటికి కింద జాలీ వెనకో, స్విచ్ పక్కనో బ్యాటరీలు వేసే డబ్బా ఉంటుంది. వెతకండి.

సుబ్బు_ఫ్రిస్కో
టార్చి పెట్టి చూశా. కింద జాలీ తీస్తే నాలుగు పెన్సిల్ బ్యాటరీలు పట్టే డబ్బా. ఖాళీ. డబ్బా మీద బిల్డర్ వాళ్ల స్టిక్కర్ కూడా తీయలేదు. నాన్నగారు ఇప్పుడు నన్ను ఏ పేరుతో పిలుస్తున్నారో ఇక్కడ రాయలేను.

వానపాము
మూడు పేజీల చర్చ నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో తేలింది.

బఫెలో_బాబాయ్
గ్యాస్ ఆగితే? 2021లో గ్యాస్ బావులే గడ్డకట్టాయి కదా.

కరెంటు_కామేశం
నిజమే బాబాయ్, పవర్ ప్లాంట్లకి గ్యాస్ చాలకపోవడం కూడా కరెంటు పోవడానికి ఒక కారణం. కానీ గ్యాస్ కొరత వస్తే ఇళ్లకి ఇచ్చేది అన్నిటికంటే చివర్లో ఆపుతారు. అయినా రెండోది ఉండటం మంచిదే. వానపాము గారు చెప్పిన బడ్డీ, ఆరేడు చిన్న డబ్బాలు, డిస్‌ప్లే ఉన్న అలారం రెండు. అన్నీ కలిపినా 300 లోపే అవుతుంది.

నైట్‌షిఫ్ట్_నర్సు
ఫైర్‌ప్లేస్ అద్దం 500 ఫారెన్‌హీట్ దాకా కాలుతుంది. పాప పది నెలలది, పట్టుకుని నిలబడే వయసు. అద్దం ముందు జాలీ తెర లేకుండా వెలిగించకండి. ఆర్పాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. అరచేతులు కాలిన పిల్లల్ని చూశాను, ఇంక చూడలేను.

ఆవకాయ_ఆంటీ
బడ్డీ వాడే రోజు కిటికీ ఒక అంగుళం తీసి ఉంచండి. వేడి పోతుందని మూసేస్తారు, అందుకే చెబుతున్నా. పైగా ఒక పౌండు ప్రొపేన్ కాలితే ముప్పావు లీటరు నీళ్లు ఆవిరిగా గదిలోకి వస్తాయి. కిటికీ మూస్తే పొద్దున గోడలు కారుతుంటాయి. మనుషులు మేలుకుని ఉన్నప్పుడే వాడండి. పడుకునేముందు గది వేడి చేసి, ఆర్పేసి, రజాయిలు కప్పుకోండి. దుప్పట్లకీ సోఫాకీ మూడడుగుల దూరం.

రాజా_ఇర్వింగ్77
కిటికీ తీయమంటున్నారు, తలుపు కింద తువ్వాలు పెట్టమని వేరేచోట చెబుతున్నారు. ఏది చేయాలి?

ఆవకాయ_ఆంటీ
మంట ఉన్నంతసేపు కిటికీ. మంట ఆర్పాక తువ్వాలు.

సుబ్బు_ఫ్రిస్కో
అప్‌డేట్. ఆదివారం బ్యాటరీలు వేసి, మెయిన్ బ్రేకర్ ఆపేసి, నిజంగా కరెంటు లేనట్టే చూశాం. స్విచ్ నొక్కితే మొదట రెండుసార్లు టిక్ టిక్ అని ఊరుకుంది, మూడోసారి వెలిగింది. దుమ్ము కాలిన వాసన గంట ఉంది. బయట 50 ఉంది కాబట్టి అసలు పరీక్ష కాదు గానీ, హాలు మాత్రం నలభై నిమిషాల్లో స్వెట్టర్ తీసేంత వెచ్చబడింది. జాలీ తెర ఆర్డర్ పెట్టాం, అది వచ్చేదాకా మళ్లీ వెలిగించం. మాస్టర్ బెడ్‌రూమ్‌కి బడ్డీ కొన్నాను, డబ్బాలు ఎనిమిది. మేడ మీది అలారం వెనక చూస్తే గడువు పోయిన ఏడాదే అయిపోయింది. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.

బొమ్మల కొలువు మెట్లు గెస్ట్ రూమ్‌లోకి మారాయి.

పెసరట్టు
నాన్నగారు ఏమన్నారు?

సుబ్బు_ఫ్రిస్కో
ఫైర్‌ప్లేస్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బాగుంది గానీ దీని మీద మొక్కజొన్న పొత్తులు కాల్చుకోవడానికి లేదన్నారు. గ్రిల్ పెరట్లోనే ఉంది, రేపు అక్కడే కాల్చిపెడతానని ఒప్పించాను.

కడప_టు_కొలరాడో
7,000 అడుగుల లోపు ఉండేవాళ్లు ఎవరైనా బడ్డీ కొంటారా? రెండోది వాపసు తీసుకోలేదు, డబ్బా కూడా పారేయలేదు. మాన్యువల్ కొత్తది, ఒక్కసారే చదివాను.